మందారం చార్టు, పత్తిపువ్వు

ఈ వారం ఆదోని పక్క పల్లె బడిలో ఒక డీఎడ్ ఛాత్రోపాధ్యాయురాలి పాఠం చూశాను. ఐదో తరగతి. గోడకు మందారం చార్టు: ఆకర్షణ పత్రాలు, కేసరావళి, అండకోశం. ఈ శీర్షిక చదివేవాళ్లకు చార్టుల మీద నా కోపం తెలుసు. చుట్టూ నల్లరేగడిలో పత్తి పూసి ఉండగా గోడమీద బొమ్మపువ్వెందుకు?

వెనక వరసలో నెల తర్వాత బడికొచ్చిన పిల్ల. కేసరాలెందుకని అడిగితే తల వంచుకుంది. టీచరమ్మ పక్క చేలోంచి పత్తిపువ్వు తెప్పించి ఆమె చేతిలో పెట్టింది. అప్పుడు మాట పెగిలింది. "సాయంత్రం మొగ్గ ఇప్పి ఈ పొడి కాడలన్నీ గోరుతో తీసేస్తాం టీచర్. పొద్దున్నే మగచెట్ల పువ్వు తెచ్చి ఈడ రాస్తాం. రాయకపోతే కాయ నిలవదు."

అది క్రాసింగ్ పని, అంటే సంకర విత్తనం తయారీ. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే తొలి సంకర పత్తిని అందించాక, మన దేశంలో ఈ విత్తనం ఎక్కువగా చేతులతోనే, పువ్వు పువ్వుకూ విడిగా తయారవుతోంది. కర్నూలు జిల్లా విత్తన చేలలో ఆ చేతులు ఎన్నో ఏళ్లు ఆడపిల్లలవే.

పిల్ల తెలివిని బడి గుర్తించింది, కాబోయే టీచర్లకు నేర్పాల్సింది ఇదేనని పొంగిపోయాను. తిరుగు బస్సు ఎమ్మిగనూరు దాటేలోపు పాత సంగతి గుర్తొచ్చింది. కొత్తగా పాఠం చెప్పే రోజుల్లో ఇలాంటి పిల్లకే, నాకంటే నీకే ఎక్కువ తెలుసంటూ చప్పట్లు కొట్టించాను. మరుసటి వారం ఆమె మళ్లీ చేనికే పోయింది.

గోటికి వచ్చిన ఆ విద్యకు వెల ఆమె బడి రోజులు. మెచ్చుకుని వదిలేస్తే ఆమెకు చేనే చాలని ఒప్పుకున్నట్టే. పుప్పొడి రాసిన తర్వాత లోపల ఏం జరుగుతుంది? సంకర పత్తి గింజ దాచి విత్తితే మరుసటేడు చేనంతా ఒకే తీరుగా ఎందుకు రాదు, రైతు ఏటా కొత్త ప్యాకెట్ ఎందుకు కొనాలి? ఈ జవాబులు చేలో దొరకవు. అవి ఆ పిల్లకు బడి పడ్డ బాకీ. పోయిన నెల పాఠాలూ బాకీయే. డీఎడ్ రెండేళ్లలో ఆ బాకీ తీర్చడం నేర్పాలి.

పాఠం చివర టీచరమ్మ పువ్వును చార్టు పక్కన పట్టి, రెండూ ఒకే కుటుంబం, పోలికలు చూడమంది. ఆ పిల్ల లేచి, మందారం బొమ్మలో కేసరాలు గొట్టంలా చుట్టుకున్నచోట గోరు పెట్టింది. "ఇదీ అట్లే ఉంది టీచర్!"

చార్టు తీసేయమని చెప్పాలనుకుంటూ వెళ్లాను. చెప్పకుండానే వచ్చాను.