పీటర్స్‌బర్గ్ గోడల పసుపు

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందని మన సామెత. దోస్తోయెవ్‌స్కీ 'నేరము–శిక్ష' చదువుతుంటే అదే గుర్తొస్తుంది. హత్య తలపుతో మనసు చెడిన కథానాయకుడు రాస్కోల్నికోవ్ ఎటు చూసినా పసుపే. పసుపును శుభంగా చూసే మనకు ఈ రంగు మొదట అంతుపట్టదు కూడా. ఇక్కడి పసుపు మాసిపోయినది, జబ్బు చేసినది.

1866లో 'రూస్కీ వేస్త్‌నిక్' పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల ఇది. ఆరంగల పొడవున్న రాస్కోల్నికోవ్ గదిలో గోడకంటించిన కాగితం పసుపు, అదీ దుమ్ముపట్టి ఊడిపోతూ ఉంటుంది. తాకట్టు వ్యాపారం చేసే ముసలామె ఇంట గోడకాగితమూ పసుపే, కుర్చీలూ బల్లలూ పసుపు కర్రవే, పటాల చట్రాలూ పసుపే. తాగి తాగి ఉబ్బిన మార్మెలాదొవ్ మొహం పసుపు. పోలీసు కచేరీలో రాస్కోల్నికోవ్ స్పృహతప్పి లేచేసరికి ఎదురుగా పసుపు గ్లాసులో పసుపు నీళ్ళు పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు. నేరాన్ని కూపీ లాగే పోర్ఫిరీ ఆఫీసులో సర్కారువారి సామాను కూడా నున్నగా పాలిష్ పెట్టిన పసుపు కర్రదే. వడ్డీలు పిండే ఇంటికీ, చట్టం కూర్చునే గదికీ ఒకే కర్ర! దాని గురించి రచయిత ఒక్క ముక్క మాట్లాడడు. ఈ పనితనమంతా ఆ మాట్లాడకపోవడంలోనే ఉంది.

ఎరుపును వాడిన తీరు ఇంకా నిర్దయగా ఉంటుంది. తాకట్టు ముసలామెను హత్య చేశాక ఆమె పెట్టె తెరిచి, అందులోని ఎర్రటి పట్టుగుడ్డకు చేతుల నెత్తురు తుడుచుకోబోతాడు రాస్కోల్నికోవ్. ఎరుపు మీద నెత్తురు అంతగా కనపడదులే అనుకుంటాడు. అంతలోనే తనకు మతి పోతోందా అని ఉలిక్కిపడతాడు. ఎరుపంటే ఉద్రేకం, హింస అని పరీక్షల గైడు రాసుకోవచ్చు. నవలలో మాత్రం అది చేతులు తుడుచుకునే గుడ్డ.

పసుపుకు వీధిలోనూ ఆధారముంది. కథ జరిగే పీటర్స్‌బర్గ్‌లో భవనాలకు పసుపు రంగు వేయడం మామూలే. పిచ్చాసుపత్రిని రష్యన్ వాడుకలో పసుపు ఇల్లనేవారు. ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళు పోలీసుల దగ్గర పేరు రాయించుకుని తీసుకోవలసిన చీటీని పసుపు టికెట్టు అనేవారు. మార్మెలాదొవ్ కూతురు సోన్యా ఆ టికెట్టు తీసుకోవలసి వచ్చింది. దానివల్లనే సొంతవాళ్ళతో కలిసి ఉండలేక వేరే గదికి మారింది. ఆ గది గోడలూ పసుపు తిరిగి, మూలల్లో నల్లబడి ఉంటాయి. ఇదంతా ఆ ఊళ్ళో ఉన్నదే. రచయిత ఏరుకున్నాడంతే.

మరి సామెత సరిపోయినట్టేనా? సరిపోదు. నవలలోని మరో పాత్ర స్విద్రిగైలొవ్ ఆఖరి రాత్రి గడిపే చవక హోటలు చూడండి. ఆ గదిలో గోడకాగితం చిరిగి, దాని మీది బొమ్మలు పోల్చుకోలేకుండా ఉన్నాయి. రంగు మాత్రం పసుపని తెలుస్తోంది. తెల్లవారి తనను తాను కాల్చుకోవడానికి నడిచిపోతుంటే దారి పక్కన తలుపులు మూసిన పసుపు కొయ్య ఇళ్ళు దిగులుగా, మురికిగా కనిపిస్తాయి. ఆ ఘట్టంలో రాస్కోల్నికోవ్ లేనే లేడు. కాబట్టి కామెర్లు ఒక్కడి కంటికి కాదు, ఊరంతటికీ పట్టాయి.

అయితే నన్ను పదేపదే పట్టి ఆపేది ఒక ఆకుపచ్చ శాలువా. మార్మెలాదొవ్ ఇంటి ఆడవాళ్ళందరికీ కలిపి ఉన్నది అదొక్కటే. మొదటిసారి తనను అమ్ముకుని వచ్చిన రాత్రి సోన్యా ముప్ఫై రూబుళ్ళు బల్ల మీద పెట్టి, ఆ శాలువా తల మీదుగా మొహం నిండా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. భర్త పోయాక న్యాయం వెతుక్కుంటూ వీధిన పడ్డ సవతితల్లి కతెరీనా ఇవానొవ్నా తల మీదా అదే శాలువా. చివరికి ఉపసంహారంలో, శిక్ష పడి చేరిన సైబీరియాలో, నదిఒడ్డున రాస్కోల్నికోవ్ పక్కన కూర్చున్న సోన్యా కూడా ఆకుపచ్చ శాలువాతోనే ఉంటుంది.

ఉపసంహారం అతికించినట్టుందని ఈ నవల మీద విమర్శకులు ఎన్నాళ్ళనుంచో అంటున్నారు. రాస్కోల్నికోవ్ మనసు మారిన వేగం చూస్తే వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. శాలువా వెంట నడిచి చూస్తే మాత్రం నేనొప్పుకోను. ఆ ముగింపుకు దారం మొదటి భాగం రెండో అధ్యాయంలోనే, సారా కొట్లో మార్మెలాదొవ్ చెప్పుకున్న గోడులోనే పడింది.