మినిట్స్ రాసే పనితనం

అమెరికాలోని ప్రెస్బిటేరియన్ చర్చి (పీసీయూఎస్‌ఏ)లో ఒక ప్రాంతపు సంఘాలన్నిటికీ కలిపి ప్రెస్బిటరీ అనే సభ ఉంటుంది. పాస్టర్లూ, సంఘాల తరఫున వచ్చిన పెద్దలూ అందులో సమానంగా ఓటేస్తారు. సభ నడిపే మోడరేటర్ అందరి కళ్లకూ కనిపిస్తారు గానీ, నాకు ముచ్చటేసేది సభ మినిట్స్ రాసే స్టేటెడ్ క్లర్క్ పనితనం. ఏదైనా సంఘం తన స్థలం అమ్ముకోవాలంటే ప్రెస్బిటరీ అనుమతి కావాలి. ఆ ప్రతిపాదన మీద ఒకరు సవరణ అంటారు, ఇంకొకరు ఆ సవరణకే సవరణ అంటారు, మాటలు వేడెక్కుతాయి. అప్పుడు క్లర్క్ గొంతు సవరించుకుని, ఇప్పుడు సభ ముందున్నది ఇదీ అని ఒక్క వాక్యం చదివి వినిపిస్తారు. దేనికి చెయ్యెత్తాలో అందరికీ తేటపడుతుంది. ఎవరెంత ఆవేశపడ్డారో మినిట్స్‌లో ఉండదు. ఏం ప్రతిపాదించారు, ఏం తేల్చారు, అంతే. ఓడినవాళ్లు తమ అసమ్మతి నమోదు చేయమంటే మాత్రం వాళ్ల పేర్లు పొల్లుపోకుండా ఎక్కుతాయి. ఏటా ఒక్కో సంఘం రికార్డులు కూడా ప్రెస్బిటరీ పరిశీలనకు వస్తాయి. కోరం ఉందా, సమావేశం ప్రార్థనతో మొదలై ప్రార్థనతోనే ముగిసిందా, బాప్తిస్మాల రిజిస్టర్‌లో కొత్త పేర్లు చేరాయా అని పేజీ పేజీ తిరగేస్తారు. చప్పగా కనిపించే ఈ ఓపిక వల్లే పాస్టర్లు మారినా, పెద్దలు మారినా సంఘం ఇచ్చిన మాట చెల్లుతుంది. గొంతు చిన్నదైన పెద్దమనిషి ఓటుకూ అందరి ఓటుతో సమానంగా లెక్క దక్కుతుంది.