తొలి బంతికి ముందు జరిగే పని

లీగ్ సీజన్ ఇంకో నెలలో మొదలవుతుందనగా ఏ పట్టణంలోని క్రికెట్ క్లబ్బుకు వెళ్లినా రెండు పనులు జరుగుతుంటాయి. ఒకటి మైదానం నడుమ, ఎండలో, మట్టి మీద జరిగే పిచ్ తయారీ. రెండోది క్లబ్బు గదిలో, బల్ల దగ్గర, కాగితం మీద జరిగే మ్యాచ్‌ల షెడ్యూలు తయారీ. ఆ రెండు పనుల నిగ్గు తేలేది ప్రాక్టీస్ మ్యాచ్‌లలో. మన దగ్గర ఈ ముందస్తు ఆటకు పెద్ద చరిత్రే ఉంది. హైదరాబాద్‌లో 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్‌లో జట్లు చాలాకాలం పాటు దేశవాళీ సీజన్‌కు ముందు తమ బలాబలాలు చూసుకునేవి. చిన్న క్లబ్బులకు అంతటి కప్పు ఉండదు గానీ, చేయాల్సిన పని మాత్రం అదే. ఆటలో న్యాయం అంపైర్ వేలితో మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి అందులో చాలా భాగం తొలి బంతి పడకముందే కొందరి చేతుల్లో తయారవుతుంది. ఎలా తయారవుతుందో ఒక్కో భాగమే విప్పి చూద్దాం.

పిచ్ అంటే 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న నేల. ఎంసీసీ రూపొందించిన ఆట నిబంధనల్లో ఆ కొలతలు ఉంటాయి గానీ, ఏ మట్టి వాడాలో ఉండదు. అది గ్రౌండ్స్‌మన్ ఎరిగిన విద్య. మట్టి రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలంటే అందులో బంక పాలు ఎక్కువ ఉండాలి. నల్లరేగడికి ఆ గుణం పుష్కలం. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని బీటలు వారుతుంది. పొలంలో ఇబ్బంది పెట్టే ఆ స్వభావమే పిచ్ మీద పనికొస్తుంది. తగిన తేమలో ఉన్నప్పుడు అణిస్తే రేణువుల మధ్య గాలి బయటికి పోయి, ఆరేకొద్దీ ముద్ద మరింత బిగుసుకుంటుంది. ఎర్రమట్టి అంతగా ఉబ్బదు, అంతగా ముడుచుకోదు. ఎర్రమట్టి పిచ్ మీద బంతి ఎత్తుకు లేస్తుందని, నల్లమట్టి మీద కాస్త తక్కువ ఎత్తులో నెమ్మదిగా వస్తుందని ఆడేవాళ్లందరి అనుభవం. ఉన్న మట్టి ఏదైనా, దాని నుంచి అన్నిచోట్లా ఒకే తీరు బౌన్స్ రాబట్టడమే పనితనం.

ఇందులో మట్టికి తోడుగా నిలిచేది గరిక. వినాయక చవితికి పత్రితో పాటు కోసుకొచ్చే ఆ గరికే మన పిచ్‌ల మీద పెరుగుతుంది. పచ్చదనం కోసం పెంచుతారని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని నేల లోపల జరుగుతుంది. ఎండ పైపొరను మాత్రమే ఆరబెట్టగలదు. అడుగున ఉన్న తడిని వేర్లు పీల్చి ఆకుల ద్వారా గాలిలోకి వదులుతాయి. అలా పిచ్ పై నుంచీ, లోపలి నుంచీ ఒకేసారి ఆరుతుంది. బీటలు పడ్డా, ఆ పలకలు కదలకుండా వేర్ల అల్లిక పట్టి ఉంచుతుంది. అందుకే గడ్డిని ఒక్కసారిగా నున్నగా గీకేయరు. రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గిస్తూ, మ్యాచ్ నాటికి నాలుగైదు మిల్లీమీటర్లకు తెస్తారు. పైన ఆకు పొట్టిగా, లోపల వేరు బతికి ఉండటం వాళ్లకు కావాల్సింది.

ఇక రోలర్. బరువైన ఇనుప రోలర్‌ను లాగడానికి బలం చాలు, ఎప్పుడు లాగాలో తెలియడానికి మాత్రం ఏళ్ల అనుభవం కావాలి. మట్టి మరీ తడిగా ఉంటే రోలర్ ముందు అలలా కదులుతుంది, లోపల వేర్లు తెగుతాయి. మరీ పొడిగా ఉంటే పైన పెచ్చు మాత్రమే అణుగుతుంది, కింద పొర వదులుగానే ఉండి మ్యాచ్ మధ్యలో ఊడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న తేమను కనిపెట్టడానికి గ్రౌండ్స్‌మన్ వాడే పరికరం అరచెయ్యే. చిటికెడు మట్టి తీసి రెండు చేతుల మధ్య సన్నని పోగులా పేనుతాడు. పోగు సాగుతూ పోతే తడి ఎక్కువ. పేనకముందే పొడిగా రాలిపోతే ఆలస్యమైనట్టే. చపాతీ పిండిలా చేతికి అంటకుండా ముద్ద కట్టి, పోగు సన్నబడగానే విరిగిందంటే, రోలర్ తీయాల్సిన వేళ అదే. మట్టిని పరీక్షించే ప్రయోగశాలలు కూడా తేమ హద్దును ఇలా పోగు పేనే కొలుస్తాయి.

సీజన్‌కు ముందు చేసే రోలింగ్‌కు ఒక వరస ఉంది. తేలిక రోలర్‌తో మొదలుపెట్టి బరువైనదానికి వెళ్తారు. మొదట పిచ్‌కు అడ్డంగా, తర్వాత మూల నుంచి మూలకు ఏటవాలుగా, ఆ తర్వాతే నిలువుగా లాగుతారు. మొదటి నుంచీ నిలువుగానే లాగితే రోలర్ పాత మిట్టపల్లాల మీదే ఎక్కి దిగుతుంది. అడ్డంగా, ఏటవాలుగా వెళ్తేనే ఆ మిట్టలు తెగి నేల సమమవుతుంది. లాగే వేగం కూడా ముఖ్యమే. రోలర్ ఎంత నిదానంగా కదిలితే దాని బరువు ఒక్కో చోట అంతసేపు నిలిచి అంత లోతుకు దిగుతుంది. ఒకసారి రోల్ చేసి, ఆరనిచ్చి, నీళ్లు పెట్టి, మళ్లీ రోల్ చేస్తారు. ఇలా రోజుల తరబడి సాగుతుంది. మధ్యమధ్యలో పాత బంతిని ఒకే ఎత్తు నుంచి పిచ్ పొడవునా అక్కడక్కడా జారవిడిచి, ఎంత లేచిందో చూసి, ఎలాంటి చప్పుడు చేసిందో వింటారు. గట్టి నేల మీద టక్కుమంటుంది, వదులు నేల మీద ధబ్బుమంటుంది. అన్నిచోట్లా ఒకే టక్కు వినిపించేదాకా పని ఆగదు. మ్యాచ్ మొదలయ్యాక ఇన్నింగ్స్‌ల మధ్య రోల్ చేయమని బ్యాటింగ్ కెప్టెన్ కోరవచ్చు గానీ, నిబంధనలు అందుకు ఇచ్చేది గరిష్ఠంగా 7 నిమిషాలే. ఆ కాసేపట్లో పిచ్‌ను తయారు చేయలేం, అప్పటికే తయారై ఉన్నదాన్ని సవరించగలం, అంతే.

నేల సిద్ధమయ్యాక గీతలు గీయాలి. రెండు చివరలా మధ్య స్టంపుల గుంతల నడుమ దారం బిగించి కడతారు. అదే పిచ్ నడుమ రేఖ, మిగతా కొలతలన్నీ దాని నుంచే. క్రీజు ఆ దారానికి సరిగ్గా లంబంగా ఉండాలి. చెక్క చట్రం లేని చోట 3, 4, 5 అడుగుల లెక్కతో మూలమట్టం పడతారు. ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు సరిగ్గా 5 అడుగులు చూపిస్తే కోణం లంబం. మేస్త్రీలు ఇంటి పునాదికి మూల కట్టేదీ ఈ లెక్కతోనే. వికెట్ వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 28 అంగుళాలు. వికెట్ల వరస నుంచి 4 అడుగుల ముందు పాపింగ్ క్రీజు. ఇక్కడో సూక్ష్మం ఉంది. సున్నం గీతకు మందం ఉంటుంది కదా, అందులో క్రీజు ఏది? వికెట్ వైపున్న అంచే క్రీజు అంటాయి నిబంధనలు. బ్యాట్ గీత మీద ఆగితే ఔట్, గీత దాటితేనే నిలిచినట్టు. కాబట్టి గీసే మనిషి 4 అడుగుల కొలతను ఆ అంచుకు పెట్టి, గీత మందమంతా పిచ్ నడుమకు వదలాలి. కొలతను గీత మధ్యకు పెట్టాడా, క్రీజు మందంలో సగం మేర వికెట్ వైపు జరిగిపోతుంది. రనౌట్ తీర్పులు వెంట్రుకవాసిలో తేలే ఆటలో, గీసే చేతి మీద అంత భారం ఉంటుంది.

గడ్డి పిచ్ పెంచే స్తోమత లేని క్లబ్బులకు కొబ్బరి పీచు మ్యాట్ దిక్కు. మన పట్టణాల్లో ఎందరో ఆట నేర్చుకున్నది దాని మీదే. మ్యాట్‌కు నిబంధనలు అడిగే కనీస పొడవు 58 అడుగులు. ఆ అంకె వెనక ఒక లెక్క ఉంది. పిచ్ పొడవు 66 అడుగుల్లోంచి రెండు వైపులా పాపింగ్ క్రీజు దాకా ఉన్న నాలుగేసి అడుగులు తీసేస్తే మిగిలేది సరిగ్గా 58. అంటే బంతి పడే చోటంతా మ్యాట్ పరుచుకుంటుంది, బ్యాట్స్‌మన్ వెనక్కి జరిగే చోటు నేలగానే ఉంటుంది. పరిచేటప్పుడు ముందు పొడవునా లాగి రెండు చివరలా మేకులు కొడతారు, ఆ తర్వాతే పక్కలకు బిగిస్తారు. పక్కలు ముందు బిగిస్తే పొడవునా ముడత మిగిలిపోతుంది. మేకు తలలు మ్యాట్‌లోకి పూర్తిగా దిగాలి. పైకి తేలిన ఒక్క తల మీద బంతి పడినా ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు క్లబ్బు గదిలోకి వెళ్దాం. ఎనిమిది క్లబ్బుల లీగ్ అనుకుంటే, ప్రతి క్లబ్బూ మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడాలి. మొత్తం 28 మ్యాచ్‌లు, వారానికి నాలుగు చొప్పున ఏడు ఆదివారాలు. తోచినట్టు జతలు రాసుకుంటూ పోతే మొదటి వారాలు సాఫీగానే సాగుతాయి. చివర్లో మాత్రం అప్పటికే ఆడేసిన రెండు క్లబ్బులు మళ్లీ ఎదురుపడి ముడి బిగుస్తుంది. అనుభవజ్ఞులు వాడే పద్ధతి ఆ ముడి పడనివ్వదు. ఏడు క్లబ్బుల పేర్లు గుండ్రంగా రాసి, ఎనిమిదోదాన్ని మధ్యలో పెడతారు. మధ్యనున్న క్లబ్బుకు మొదటి వారం వలయంలో ఒకటి జత. ఆ ఒకటికి అటూ ఇటూ పక్కనున్నవి ఒక జత, వాటి అవతలివి ఒక జత, ఆ అవతలివి ఇంకో జత. రెండో వారం మధ్యనున్న క్లబ్బు వలయంలో ఒక్క స్థానం జరిగి పక్కదానితో ఆడుతుంది. మిగతా జతలూ దాంతో పాటే మారతాయి. ఏడు వారాలకు వలయం పూర్తి.

ఒక్క జత కూడా రెండోసారి ఎందుకు రాదు? ఏడు బేసి సంఖ్య కావడమే కారణం. ఏడు స్థానాల వలయంలో ఏ రెండు క్లబ్బుల్ని తీసుకున్నా, వాటి రెంటికీ సమాన దూరంలో ఉండే స్థానం ఒకే ఒక్కటి దొరుకుతుంది. ఆ స్థానంలోని క్లబ్బు మధ్యదానితో ఆడే వారమే ఈ రెండూ తలపడతాయి, మరే వారమూ తలపడవు. లీగ్‌లో ఏడే క్లబ్బులుంటే మధ్య స్థానం ఖాళీగా ఉంచుతారు. దానితో జత పడిన క్లబ్బుకు ఆ వారం సెలవు, అంటే బై. చదరంగం టోర్నీల్లో వాడే బెర్గర్ పట్టికలు కూడా ఈ ఏర్పాటు మీదే నడుస్తాయి. ఇంత చిన్న బొమ్మలో ఇంత పెద్ద పంపకం ఇమిడి ఉండటం అర్థమయ్యేకొద్దీ ముచ్చటేస్తుంది.

జతలు కుదిరాక మైదానాల లెక్క. ఏడు మ్యాచ్‌లు సగానికి పంచుకోలేం కాబట్టి నాలుగు క్లబ్బులకు సొంత మైదానంలో నాలుగేసి, మిగతా నాలుగింటికి మూడేసి వస్తాయి. రెండు క్లబ్బులు ఒకే మైదానం పంచుకుంటుంటే ఒకటి ఇంట్లో ఉన్న వారం రెండోది బయటికి వెళ్లాలి. దసరా, దీపావళి ఆదివారాలు చూసుకోవాలి. కాలేజీ మైదానమైతే పరీక్షల తేదీలు చూసుకోవాలి. వానకు పోయిన మ్యాచ్‌ల కోసం చివర్లో ఒకటి రెండు వారాలు ఖాళీ ఉంచాలి. మ్యాచ్ వేళను సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కిస్తారు. 50 ఓవర్ల ఇన్నింగ్స్‌కు మూడున్నర గంటలు పడుతుంది. తొమ్మిదికి మొదలుపెట్టి, మధ్యలో భోజనానికి 45 నిమిషాలు తీస్తే, ఆట ముగిసేది పావుతక్కువ ఐదుకు. చలికాలంలో హైదరాబాద్‌లో పొద్దు ఐదున్నర దాటాక గుంకుతుంది కాబట్టి, ఆలస్యాలకు కొంత వెసులుబాటు మిగులుతుంది.

కాగితం మీది ఈ పని మళ్లీ మట్టి దగ్గరికే వస్తుంది. మైదానం నడుమ స్క్వేర్‌లో పక్కపక్కనే ఐదారు పిచ్‌లుంటాయి. ఆడిన పిచ్‌ను ఊడ్చి, బౌలర్ల కాళ్లు తవ్విన గుంతల్లో తడి బంకమట్టి నింపి దిమ్మిస కొట్టి, నీళ్లు పెట్టి, గరిక తిరిగి పుంజుకునేదాకా వదిలేయాలి. వరసగా రెండు వారాలు సొంత మైదానంలో మ్యాచ్‌లున్నాయని షెడ్యూలు చెబితే రెండు వేర్వేరు పిచ్‌లు సిద్ధం కావాలి. ఒకదానికి పెట్టిన నీళ్లు పక్కదాన్ని తడపకూడదు కాబట్టి అవి ఎడంగా కూడా ఉండాలి. నడుమ పిచ్‌కు రెండు వైపులా బౌండరీ సమానంగా ఉంటుంది. దాన్ని పెద్ద మ్యాచ్‌కు దాచి, ప్రాక్టీస్ మ్యాచ్‌ను అంచున ఉన్న పిచ్ మీద పెడతారు.

ఆ ప్రాక్టీస్ మ్యాచ్‌లో గెలుపోటముల కన్నా పరీక్షే ముఖ్యం. ఓపెనర్ కొన్ని ఓవర్లు ఆడాక ఔట్ కాకుండానే పక్కకు వచ్చి కిందివాళ్లకు అవకాశమిస్తాడు. ఫాస్ట్ బౌలర్‌కు మొదటి మ్యాచ్‌లో నాలుగు ఓవర్లు, తర్వాత ఆరు, ఆపై ఎనిమిది చొప్పున భారం పెంచుతారు. కుర్రాళ్లు ఫీల్డింగ్ స్థానాలు మారుతూ బంతి ఎటు నుంచి ఎలా వస్తుందో నేర్చుకుంటారు. గ్రౌండ్స్‌మన్ బౌండరీ దగ్గర నిలబడి, బంతి వికెట్ కీపర్ చేతుల్లో ఏ ఎత్తున పడుతోందో ఓవర్ ఓవర్‌కీ చూస్తుంటాడు. ఒకే పొట్టి బంతి ఒకసారి నడుము ఎత్తున, మరోసారి మోకాలి ఎత్తున వెళ్లిందంటే ఆ చోటు ఎక్కడో గుర్తుపెట్టుకుని సాయంత్రం అక్కడ వంగి చూస్తాడు.

స్కోరర్‌కూ అదే రోజు రిహార్సల్. స్కోరు పుస్తకంలో ప్రతి బంతినీ రెండు చోట్ల రాయాలి, బ్యాట్స్‌మన్ వరసలో ఒకసారి, బౌలర్ గడిలో మరోసారి. చివర్లో బ్యాట్స్‌మెన్ పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే వచ్చే మొత్తం, బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్ బైలు కలిపితే వచ్చే మొత్తం ఒకటే కావాలి. వైడ్లు, నోబాల్‌లు బౌలర్ ఖాతాలోకి, బైలు, లెగ్ బైలు విడిగా. ఒక్క పరుగు తేడా వచ్చినా లెక్క దానంతటదే పట్టిస్తుంది. పరుగే ఇవ్వని ఓవర్‌లోని ఆరు చుక్కల్ని గీతలతో కలిపితే ఎమ్ అక్షరం వస్తుంది, అది మెయిడెన్. అందులో వికెట్ కూడా పడితే డబ్ల్యూ ఆకారంలో కలుపుతారు. పేజీ మీద చూపు పడగానే ఏ బౌలర్ ఎంత కట్టడి చేశాడో తెలిసిపోతుంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒకటే ఉద్దేశం కనిపిస్తుంది. అడ్డంగా, ఏటవాలుగా రోలర్ లాగేది ఇద్దరు ఓపెనర్లకూ ఒకే బౌన్స్ దక్కాలని. గీత మందాన్ని సరైన వైపు వదిలేది రెండు జట్ల రనౌట్లకూ ఒకే కొలత ఉండాలని. వలయం తిప్పేది ఏ క్లబ్బూ సులువైన దారిన పైకి రాకూడదని. పరుగును రెండుసార్లు రాసేది ఎవరి కష్టమూ లెక్క తప్పకూడదని. రాబోయే మొదటి ఆదివారం టాస్ పడ్డాక ఏ జట్టు గెలిచినా, ఆ గెలుపును ఓడినవాళ్లు కూడా తలవంచి ఒప్పుకోగలిగేలా చేసింది ఈ మనుషులే. వాళ్ల పేర్లు స్కోరు కార్డులో ఉండవు. ఆ కార్డును నమ్మవచ్చంటే మాత్రం అది వాళ్ల పనితనం వల్లే.