పలకల కింది పనితనం

అమెరికాలో కొత్తగా కట్టే లగ్జరీ అపార్ట్‌మెంట్లలో డాబాకు ఒక పరీక్ష పెడతారు. వాటర్‌ప్రూఫింగ్ పొర వేయడం పూర్తయ్యాక, దాని మీదికి పలకలూ మట్టీ మొక్కలూ రాకముందే, డ్రెయిన్లన్నీ బిగించి స్లాబు మీద రెండంగుళాల దాకా నీళ్లు నిలబెడతారు. కనీసం ఒక రోజు, అవసరమైతే రెండు మూడు రోజులు ఆ నీళ్లను అలాగే ఉంచుతారు. కింది అంతస్తులో పనివాళ్లు టార్చిలైట్లు పట్టుకుని, ఎక్కడైనా చెమ్మ ఊరిందా, ఏ పైపు చుట్టూనైనా చుక్క దిగిందా అని స్లాబు అడుగంతా గాలిస్తారు. దిగితే నీళ్లు వదిలేసి, ఆ చోట పొరను సరిచేసి, మళ్లీ నింపుతారు. పరీక్ష నెగ్గాకే ఈతకొలను, గ్రిల్లులు, సోఫాలు, చలికాచుకునే కుంపట్లు పైకి ఎక్కుతాయి.

ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లకు లీజింగ్ ఆఫీసు వాళ్లు చూపించేది ఈ కొలనునూ కుంపట్లనే. వాటిని చూసి లీజు మీద సంతకం పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. ఏడాది తిరిగాక ఆ లీజును పొడిగించేలా చేసేది మాత్రం పలకల కింద దాగిపోయిన పని. అమెరికా డాబాల మీద అద్దె పండిస్తున్నది ఆ పనే అని నా నమ్మకం. ఆ పని ఎంత గొప్పదో కొన్ని భవనాలను దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

మన ఊళ్లలో డాబా అంటే వడియాలు ఎండబెట్టుకునే చోటు, వేసవి రాత్రుల్లో పక్కలు పరుచుకునే చోటు. దానికి వేరే అద్దె ఎవరూ కట్టలేదు. అమెరికా నగరాల్లోనూ మొదట్లో పై అంతస్తుకు విలువ లేదు. మెట్లెక్కి పోవాల్సిన రోజుల్లో ఎంత పైకి పోతే అంత చవక. 1857లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీది హావౌట్ భవనంలో ఓటిస్ కంపెనీ జనం ఎక్కే లిఫ్టు పెట్టింది. లిఫ్టులు నివాస భవనాలకూ వచ్చాక లెక్క తలకిందులైంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి, వెలుతురు, నిశ్శబ్దం. ఎత్తుతో పాటే అద్దె.

అదే బ్రాడ్‌వే మీద 1904లో పూర్తయిన అన్సోనియా అనే అపార్ట్‌మెంట్ హోటల్‌లో యజమాని స్టోక్స్ డాబా మీద ఏకంగా ఒక పశువుల కొట్టమే పెట్టాడు. కోళ్లు, బాతులు, మేకలు, ఒక చిన్న ఎలుగుబంటి కూడా ఉండేవి. తాజా గుడ్లు కింద అద్దెకున్నవాళ్ల గుమ్మాలకు చేరేవి. 1907లో నగర ఆరోగ్యశాఖ దాన్ని తీయించేసింది. అయినా ఆ ఆలోచన నిలిచింది. నాలుగు గోడలతో పాటు, ఆ నగరంలో మరోచోట దొరకని బతుకు తీరును కూడా అద్దెకు ఇవ్వవచ్చని అమెరికా బిల్డర్లు అప్పుడే గ్రహించారు.

ఆ ఆలోచనను కళ స్థాయికి తీసుకెళ్లిన కట్టడం షికాగోలో ఉంది. మిషిగన్ సరస్సు ఒడ్డున, నేవీ పియర్ పక్కన, మూడు రేకుల పువ్వులా నిలబడే లేక్ పాయింట్ టవర్ అది. డెబ్బై అంతస్తులు, 645 అడుగులు. 1968లో పూర్తయినప్పుడు ప్రపంచంలోని నివాస భవనాల్లో అదే ఎత్తయినది. రూపొందించినవారు జార్జ్ షిప్పోరైట్, జాన్ హైన్రిక్. ఇద్దరూ మీస్ వాన్ డెర్ రో శిష్యులు. గురువు 1920ల మొదట్లో బెర్లిన్ కోసం గీసి, కట్టకుండా వదిలేసిన అద్దాల ఆకాశహర్మ్యం వాళ్లకు ప్రేరణ. మొదటి ఇరవై ఏళ్లూ అది అద్దె ఇళ్ల భవనమే. 1988లో ఇళ్లను విడివిడిగా అమ్మే పద్ధతికి మారింది.

టవర్‌ను చూసినవాళ్లు దాని అద్దాలను మెచ్చుకుంటారు. నన్ను ఆకట్టుకునేది దాని పాదాల దగ్గరి తోట. టవర్ కింద విశాలమైన వేదికలా ఒక కట్టడం ఉంది, అందులో కార్లు నిలుపుతారు. ఆ కట్టడం కప్పు మీద ఆల్ఫ్రెడ్ కాల్డ్‌వెల్ రెండున్నర ఎకరాల తోట వేశాడు. షికాగో లింకన్ పార్కులోని తామర కొలనును 1930లలో తీర్చిదిద్దింది ఆయనే. ప్రేరీ మైదానాల చెట్లనూ, పొరలు పొరలుగా పేర్చిన సున్నపురాతినీ ప్రాణంగా చూసుకున్న మనిషి. కార్ల నెత్తిన ఆయన కొలను తవ్వించాడు, జలపాతం దూకించాడు, వంపులు తిరిగే బాట వేశాడు. ఆ బాట మీద నడిచేవాళ్లకు తాము కప్పు మీద ఉన్నామన్న స్పృహే ఉండదు.

అక్కడ చెట్టు బతకాలంటే ఏమేం కావాలో ఆలోచించండి. వేళ్లు పట్టడానికి మూడడుగుల మట్టి కావాలి. తడిసిన మట్టి ఘనపుటడుగు వంద పౌన్లకు పైగా తూగుతుంది. అంటే చదరపు అడుగు స్లాబు మీద 300 పౌన్లు. మామూలు ఇంటి గది స్లాబును చదరపు అడుగుకు 40 పౌన్లు మోసేలా లెక్కకడతారు. పదిమంది చేరే డాబాకు 100. నీళ్లయితే ఘనపుటడుగు 62 పౌన్ల చిల్లర, నాలుగడుగుల లోతు కొలను చదరపు అడుగుకు 250 పౌన్లు. కాబట్టి డాబా మీద కొలనో తోటో కావాలని చివర్లో తోస్తే కుదరదు. పునాది గీతలు గీసే రోజునే ఆ బరువు స్తంభాల లెక్కలోకి రావాలి. ఒక్కో అంతస్తు స్తంభంలో ఇనుము ఎంత, కాంక్రీటు ఎంత అనేది పైన నాటబోయే చెట్టును బట్టి మారిపోతుంది.

బరువు తర్వాత నీరు. మంచి డాబాను అడ్డంగా కోసి చూస్తే దాని తెలివి తెలుస్తుంది. స్లాబు పైముఖం అడుగుకు పావు అంగుళం చొప్పున డ్రెయిన్ వైపు వాలి ఉంటుంది. దాని మీద రబ్బరు కలిసిన తారును వేడివేడిగా కరిగించి, పావు అంగుళానికి కాస్త తక్కువ మందాన, ఎక్కడా అతుకు లేకుండా పోస్తారు. దాని పైన గట్టి నురుగు పలకలు వేస్తారు. పాత పద్ధతిలో వేడినీ చలినీ ఆపే పొర కింద, నీటిని ఆపే పొర పైన ఉండేవి. ఇక్కడ వరస తిరగేశారు. షికాగో లాంటి చోట రాత్రి గడ్డకట్టి పగలు కరిగే చలి తారు పొరను తాకకుండా నురుగు పలకలు దుప్పటిలా కప్పి కాపాడతాయి. ఎండ కూడా దాని మీద పడదు. అందుకే ఆ పొర దశాబ్దాలు నిలుస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ పైన జరిగే పని. కింద స్లాబు వాలుగా ఉంది, పైన నడిచే నేల మాత్రం సమతలంగా ఉండాలి. బల్ల మీద కాఫీ కప్పు జారకూడదు, చక్రాల కుర్చీ దొర్లిపోకూడదు. దీనికి మరల్లా తిరిగే చిన్న ప్లాస్టిక్ దిమ్మెలు వాడతారు. రెండడుగుల చదరపు పలకకు నాలుగు మూలలా నాలుగు దిమ్మెలు. స్లాబు పల్లంగా ఉన్నచోట దిమ్మెను పైకి తిప్పుతారు, ఎత్తుగా ఉన్నచోట కిందికి దించుతారు. పనివాడు మోకాళ్ల మీద కూర్చుని, మట్టం పెట్టి చూసుకుంటూ, ఒక్కో మూలను పిసరంత పిసరంత తిప్పుతూ వేల పలకలు పరుస్తాడు. పలకల మధ్య సందులకు సిమెంటు పట్టించరు. వాన నీరు ఆ సందుల్లోంచి కిందికి జారి, తారు పొర మీది వాలు పట్టుకుని డ్రెయిన్‌కు చేరుతుంది. అందుకే కుండపోత వాన వెలిసిన కాసేపటికే అక్కడ చెప్పులు తడవకుండా నడవొచ్చు. ఎక్కడైనా లీకు వస్తే నాలుగు పలకలు ఎత్తి చూసుకుంటే చాలు, పగలగొట్టే పని లేదు. అసలు డ్రెయిన్ ఆకులతో మూసుకుపోతే ఆదుకోవడానికి రెండంగుళాల ఎత్తున మరో డ్రెయిన్ ఉంటుంది. పిట్టగోడ లేదా రెయిలింగు 42 అంగుళాల ఎత్తు ఉండాలి, నాలుగంగుళాల బంతి దూరేంత సందు ఉండకూడదు. పసిపిల్ల తల పట్టకూడదన్నది ఆ కొలత వెనకున్న జాగ్రత్త.

ఇక న్యూయార్క్. ఈస్ట్ నది ఒడ్డున, మొదటి అవెన్యూలో, షాప్ ఆర్కిటెక్ట్స్ రూపొందించిన అమెరికన్ కాపర్ భవనాలు ఉన్నాయి. రాగి రేకు తొడుక్కున్న రెండు టవర్లు, ఒకటి 48 అంతస్తులు, మరొకటి 41. నడుములు వంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. నేల నుంచి సుమారు 300 అడుగుల ఎత్తున రెంటినీ మూడంతస్తుల వంతెన కలుపుతుంది. ఆ వంతెనలో 75 అడుగుల ఈతకొలను ఉంది. ఈదుతూ ఒక టవర్ వైపు నుంచి రెండో టవర్ వైపుకు పోవచ్చు. ఫొటోలన్నీ దానివే. 760 పైచిలుకు ఉన్న అద్దె ఇళ్లకు పేరు తెచ్చిందీ ఆ కొలనే.

అక్కడ నేను తలవంచి దండం పెట్టేది వేరే నిర్ణయానికి. 2012లో శాండీ తుపాను వచ్చి ఈస్ట్ నది పొంగింది, దిగువ మాన్‌హట్టన్ రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆ అనుభవంతో, అత్యధిక అద్దె వచ్చే 48వ అంతస్తును ఏ కోటీశ్వరుడికో ఇచ్చుకోకుండా అత్యవసర జనరేటర్లకు కేటాయించారు. నగరమంతా కరెంటు పోయినా ప్రతి ఇంట్లో ఫ్రిజ్, ఒక ప్లగ్గు పనిచేస్తాయి. ఆ ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉండొచ్చు, పసిబిడ్డ పాలు ఉండొచ్చు. భవనం మొత్తం మీద అత్యంత ఖరీదైన చోటును అందరి అవసరానికి వదులుకోవడం కన్నా గొప్ప డాబా సౌకర్యం నాకు కనబడలేదు.

కళ్లకు కనిపించే సాహసాలూ ఉన్నాయి. హ్యూస్టన్‌లోని మార్కెట్ స్క్వేర్ టవర్‌లో 500 అడుగుల ఎత్తున ఉన్న కొలను గోడ దాటి పదడుగులు గాల్లోకి పొడుచుకొచ్చింది. ఎనిమిదంగుళాల మందం ఉన్న పారదర్శకమైన అడుగు గుండా కింద రోడ్డు మీది కార్లు కనిపిస్తాయి. అదీ సాహసమే, అద్భుతమే.

ఇంత శ్రమకు అద్దెలో ఫలితం ఎలా వస్తుంది? ఊహకు 300 ఇళ్ల భవనం తీసుకుందాం. డాబా బాగుండడం వల్ల ఇంటికి నెలకు 50 డాలర్లు ఎక్కువ పలికితే ఏడాదికి లక్షా ఎనభై వేల డాలర్లు. అక్కడ అద్దె భవనం ధరను అది తెచ్చే నికర ఆదాయాన్ని బట్టి కడతారు. నిర్వహణ ఖర్చు పక్కన పెట్టి, ఐదు శాతం రాబడి లెక్కన చూస్తే, ఆ మొత్తం భవనం ధరకు 36 లక్షల డాలర్లు చేరుస్తుంది. బిల్డర్లు డాబా మీద అంత ధైర్యంగా ఖర్చు పెట్టడానికి ఇదే మూలం.

ఇందులో ఇంకో లెక్క ఉంది, అది మరింత బలమైనది. ఇంటికి నెలకు 50 డాలర్లు ఎక్కువ వస్తే ఏడాదికి 600. నెలకు 3,000 డాలర్ల ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 3,000, అంటే ఐదేళ్ల అదనపు అద్దె. కాబట్టి ఉన్నవాళ్లు ఖాళీ చేయకుండా ఉండడమే అసలు లాభం. మూడో అంతస్తులో పక్క భవనం గోడ తప్ప మరేమీ కనబడని చిన్న ఇంటికి ఈ మేలు మరీ ఎక్కువ. డాబా ఉమ్మడిది కనుక నగరం మొత్తం కనిపించే చూపు ఆ ఇంట్లో ఉండేవాళ్లకూ వాటాకు వస్తుంది. అద్దెకు పోవడం కష్టమైన ఇళ్లకే డాబా ఎక్కువ ఆసరా.

జెర్సీ సిటీలోనో డాలస్‌లోనో ఉండే మన కుటుంబాలకు దీని విలువ ఇంకాస్త బాగా తెలుసు. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తారు. కారు నడపలేరు, పిల్లలు ఆఫీసుకు పోతే పగలంతా ఒంటరితనం. డాబా మీద నడక బాట ఉంటే సాయంత్రం అక్కడ మరో నలుగురు పెద్దవాళ్లు కలుస్తారు, ఏ ఊరండీ అని పలకరించుకుంటారు. పెద్దవాళ్ల మనసు కుదుటపడితే పిల్లలు ఆ ఇల్లు వదలరు. ఏ లీజింగ్ బ్రోచర్‌లోనూ రాయని కారణం ఇది.

అయితే డాబా అద్దెను ఎల్లకాలం పెంచదు. వీధిలో ఒక్క భవనానికే కొలను ఉన్నప్పుడు దానికి ప్రత్యేకంగా డబ్బు పలుకుతుంది. పది భవనాలకూ వచ్చాక అది కనీస అర్హత అయిపోతుంది. అప్పుడు ఉన్నందుకు పెద్దగా రాదు, లేనందుకు మాత్రం పోతుంది. ఉత్తరాది నగరాల్లో చలికాలమంతా కొలను మూసే ఉంటుంది. ఆ స్థితిలో తేడా చూపగలిగేది పనితనం ఒక్కటే. వాలు సరిగా లేని డాబా మీద నీళ్లు నిలుస్తాయి, పలకలు కదులుతాయి, కింది ఇంటి సీలింగుకు మరక పడుతుంది, మరమ్మతు పేరుతో తలుపుకు తాళం పడుతుంది. తాళం పడిన డాబాకు ఎవరూ అద్దె కట్టాలనుకోరు.

అక్కడ ఇల్లు వెతుక్కునే మనవాళ్లకు నా మాట ఒకటే. కొలను నీలి రంగు చూసి సంతకం పెట్టకండి. వీలైతే వాన పడిన మర్నాడు డాబా ఎక్కి నీళ్లు నిలిచాయేమో చూడండి. పలక మూల మీద కాలు పెట్టి నొక్కి, కదులుతుందేమో గమనించండి. నిరుడు డాబా ఎన్ని రోజులు మూసి ఉందో, సౌకర్యాల రుసుము అద్దెలో కలిసిందో విడిగా కట్టాలో అడగండి. మొదటి నెల ఉచితం అంటే, రెండో ఏడు కట్టబోయే పూర్తి అద్దె ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. కింద పొర బాగా పరిచిన డాబా ఉన్న ఇంటికి నాలుగు డాలర్లు ఎక్కువైనా కట్టండి. అది మోకాళ్ల మీద కూర్చుని మట్టం చూసుకున్న ఆ మనిషి పనికి దక్కాల్సిన మర్యాద.