రౌతు కొద్దీ గుర్రమా?

‘రౌతు కొద్దీ గుర్రం’ అని మనకో సామెత ఉంది. ఆఫీసులో పై అధికారిని ఎత్తిపొడవడానికీ, బడిలో పిల్లల్ని వెనకేసుకురావడానికీ దాన్ని తెగ వాడేస్తాం. గుర్రం ఎక్కడం అలవాటున్నవాళ్లు మాత్రం ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఐస్‌లాండ్ గుర్రాల పోటీల్లో టీ2 అనే విభాగం ఉంది. అందులో ఒక దశలో రౌతు పగ్గాలు రెండూ ఒక్క చేత్తో పట్టుకుని, అవి వేలాడేంత వదులుగా వదిలేయాలి. తన చేతికీ గుర్రం నోటికీ మధ్య లాగుడన్నది లేదని న్యాయనిర్ణేతలకు స్పష్టంగా కనబడాలి. అప్పుడు కూడా గుర్రం వేగం మారకూడదు, తాళం తప్పకూడదు. చెయ్యి వదిలేశాక నడక నిలుస్తుందా లేదా అన్నదే అక్కడ పరీక్ష.

ఆ నడక పేరు తోల్ట్.

గుర్రపు నడకల్ని కంటితో పోల్చుకోవడం కష్టం. నాలుగు కాళ్లూ కలగాపులగంగా కదులుతుంటే ఏది ముందు పడిందో చూపుకు అందదు. దౌడు తీసే గుర్రం కాళ్లను చిత్రకారులు శతాబ్దాలపాటు తప్పుగానే గీశారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో వరసగా కెమెరాలు పేర్చి ఫొటోలు తీశాక గానీ అసలు సంగతి తేలలేదు. అదే చెవితో అయితే సులువు. తాళం నోటి మీద ఆడే మనవాళ్లకు ఇంకా సులువు. మామూలు నడక నింపాదిగా సాగే తకధిమి; నాలుగు డెక్కలూ విడివిడిగా పడతాయి. ట్రాట్‌లో ఐమూలగా ఉన్న కాళ్లు జంటగా పడతాయి, కాబట్టి తక, తక అని రెండే దెబ్బలు. క్యాంటర్ తకిట. తోల్ట్ మళ్లీ తకధిమే. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక, కుడి ముందు, అచ్చం నడకలో ఉన్న వరసే. కాకపోతే నడక వేగంతో మొదలుపెట్టి గంటకు ముప్ఫై కిలోమీటర్ల దాకా పోయినా ఆ వరస మారదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం సమంగానే ఉంటుంది.

నడుముకు హాయి అక్కడే ఉంది. ట్రాట్‌లో ఒక జంట కాళ్లు లేచి రెండో జంట నేల తాకేలోపు గుర్రం మొత్తం గాల్లో ఉంటుంది. దిగినప్పుడల్లా ఆ కుదుపు నేరుగా రౌతు వెన్నులోకి వస్తుంది. తోల్ట్‌లో గుర్రం ఎప్పుడూ పూర్తిగా గాల్లోకి లేవదు. ఒకటో రెండో కాళ్లు ఎల్లవేళలా నేలమీదే ఉంటాయి. లేవడమే లేనప్పుడు పడడం ఎక్కడిది? ఐస్‌లాండ్ వాళ్లు దీన్ని తమ పద్ధతిలో నిరూపిస్తారు. నిండు బీరు మగ్గు చేత్తో పట్టుకుని తోల్ట్‌లో మైదానం చుట్టి వస్తారు; ఎవరి మగ్గులో ఎక్కువ మిగిలితే వాళ్లు గెలిచినట్టు.

నేను స్వారీ నేర్చుకుంది హైదరాబాద్ శివార్లలో, పందేలు మానేసిన థరోబ్రెడ్ గుర్రాల మీద. మా ఉస్తాదు మైదానం మధ్యలో నిలబడి ‘ఉఠ్, బైఠ్, ఉఠ్, బైఠ్’ అని అరుస్తుంటే, ఆ తాళానికి రికాబుల మీద లేస్తూ కూర్చుంటూ ట్రాట్ దెబ్బ తప్పించుకునేవాళ్లం. స్వారీ అంటే ఇదే అనుకున్నాను. తర్వాత ఐస్‌లాండ్ దక్షిణాన ఒక పల్లెలో, మా ఉస్తాదు చూస్తే ‘ఇదేం గుర్రం, గాడిద ఎత్తు లేదు’ అనేటటువంటి జూలు గుర్రం మీద కూర్చున్నాను. (అంత పొట్టిదైనా దాన్ని అక్కడివాళ్ల ముందు ‘పోనీ’ అనకూడదు, ముఖం ముడుచుకుంటారు.) నడక కాస్తా వేగం అందుకుంది. అలవాటుగా లేవబోతే లేవడానికి ఊతం దొరకలేదు. కింద డెక్కలు గలగలా మోగుతున్నాయి, పైన జీను మాత్రం కదలట్లేదు. పొలం ఆవిడ పక్కనే వస్తూ, ‘మీరు ఏమీ చేయకండి, అది చూసుకుంటుంది’ అన్నారు. ఏమీ చేయకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు ఉఠ్-బైఠ్ నేర్చుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది.

అది ఎలా చూసుకుంటుందో 2012లో కొంత తెలిసింది. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయంలో లీఫ్ ఆండర్సన్ బృందం ఐస్‌లాండ్ గుర్రాల డీఎన్ఏ పరిశీలించి, డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడమే ఇందుకు మూలమని నేచర్ పత్రికలో ప్రకటించింది. కుడి ఎడమల, ముందు వెనకల కాళ్లను సమన్వయం చేసే వెన్నుపాములోని నాడీకణాల్లో ఈ జన్యువుకు పని. ఆ ఒక్క మార్పుతో అందులోంచి తయారయ్యే ప్రొటీన్ సగంలో ఆగిపోతుంది, కాళ్ల కట్టుబాటు సడలుతుంది, కొత్త నడకలకు చోటు దొరుకుతుంది. లోకంలో మెత్తని నడకకు పేరుపడ్డ జాతుల్లో చాలావాటికి ఈ మార్పు ఉంది. బండి కట్టి పందేల్లో ట్రాట్ తీసే గుర్రాల్లోనూ ఉంది. మంచి వేగంలోనూ అవి తేలిగ్గా దౌడులోకి జారిపోకుండా ఉండడానికి ఇది తోడ్పడుతుంది. థరోబ్రెడ్‌లో లేదు. హైదరాబాద్‌లో మా ఉస్తాదు ఎంత అరిచినా మాకు తోల్ట్ వచ్చే అవకాశం లేదన్నమాట.

ఈ మార్పు ఇప్పటిదాకా దొరికిన పాత ఎముకల్లో అన్నిటికన్నా ముందుగా కనిపించింది ఇంగ్లండ్‌లోని యార్క్‌లో, 850–900 మధ్య కాలానికి చెందిన గుర్రాల్లో. వైకింగులు అక్కణ్ణుంచే వాటిని ఐస్‌లాండ్‌కు ఓడల్లో ఎక్కించుకుపోయి ఉంటారని పరిశోధకుల అంచనా. ఆ దీవిలోకి బయటి గుర్రాన్ని రానివ్వరు. బయటికి వెళ్లిన సొంత గుర్రాన్నీ తిరిగి రానివ్వరు. ప్రపంచ పోటీల్లో పతకం గెలిచినా అది ఇల్లు చేరదు. రౌతు ఒక్కడే జీను కూడా వదిలేసి విమానం ఎక్కుతాడు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేదాకా చెప్పుకోదగ్గ రోడ్లు లేని దేశంలో లావారాళ్ల మీద రోజుల తరబడి స్వారీ చేయాలంటే నడుము బతికించే గుర్రమే కావాలి. మిగిలిన యూరప్‌లో కథ తిరగబడింది. రోడ్లు బాగుపడ్డాయి, గుర్రపు బగ్గీలు వచ్చాయి, బగ్గీకి ట్రాట్ చాలు. అప్పటిదాకా యాత్రికులూ పెద్దింటి స్త్రీలూ ఏరికోరి ఎక్కిన మెత్తనడక గుర్రాలు అక్కడ దాదాపు కనుమరుగయ్యాయి.

స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండాలకు తీసుకుపోయినవి మాత్రం నిలిచాయి. కొలంబియా, ప్యూర్టోరికోల్లో పెరిగిన పాసో ఫినో గుర్రాల పోటీలో మైదానం మధ్యన ఒక చెక్కబాట పరుస్తారు. గుర్రం దాని మీదుగా చిట్టి చిట్టి అడుగులు వేస్తూ వెళ్తుంటే జనం గుసగుసలు కూడా ఆపేసి వింటారు. టకటకటకటక అన్న చప్పుడులో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయినా అక్కడే దొరికిపోతుంది. ఈ పరీక్ష కనిపెట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

మన దేశంలోనూ ఈ నడక ఉంది. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు కొన్ని పుట్టుకతోనే రేవాల్ నడుస్తాయి. అదీ నాలుగు దెబ్బల నడకే, ఎడారిలో దూరాలు పోయినా ఒళ్లు హూనం కానివ్వని నడకే. రాజస్థాన్ సంతల్లో రేవాల్ చూపించి మరీ బేరమాడతారు.

మరి రౌతుకు పనేమీ లేదా? ఉంది. జన్యువులో ఆ మార్పు ఉన్న ప్రతి గుర్రమూ మంచి తోల్ట్ నడవదు. కొన్నింటిలో ఒకే పక్క కాళ్లు రెండూ దాదాపు కలిసి పడిపోతుంటాయి. ఆ నడకను పందినడక అని వెక్కిరిస్తారు. కొన్ని ట్రాట్ వైపు ఒరుగుతాయి. అలాంటి గుర్రాన్ని రౌతు నిలువుగా కూర్చుని, బరువు సర్ది, పగ్గం అరక్షణం పట్టి అరక్షణం వదిలి తకధిమిలోకి తేవాలి. ఐస్‌లాండ్‌లో పిల్ల గుర్రాలను నాలుగేళ్లు వచ్చేదాకా ఎక్కరు. మందతో కొండల్లో వదిలేస్తారు, గతుకుల్లో తిరిగి కాళ్లు తమంతట తాము దారి నేర్చుకుంటాయి. గుర్రానిదైన నడకను చెడగొట్టకుండా ఉండడమే అక్కడ రౌతుతనం. నా లెక్కలో మెత్తనడక గుర్రాల విద్య మొత్తం ఇంతే.

ఇది తెలియనివాళ్లు ఏం చేయగలరో చూడాలంటే అమెరికాలోని టెనెసీకి వెళ్లాలి. టెనెసీ వాకింగ్ హార్స్ అనే జాతి నడిచే ‘రన్నింగ్ వాక్’ ఎంతో అందమైనది. తల లయగా ఊగుతుంది, వెనక కాలు ముందు కాలి ముద్రను దాటి పడుతుంది. ప్రదర్శనల్లో కొందరికి అది చాలలేదు. ముందు కాళ్లు ఛాతీ దాకా ఎగరాలని డెక్కలకు బరువైన దిమ్మెలు తొడిగారు, గిట్టల పైభాగాన ఒళ్లు మండే రసాయనాలు పూసి, ఆ పుండు మీద గొలుసులు కట్టారు. నేల తాకితే నొప్పి కాబట్టి గుర్రం కాలెత్తి ఎగరేస్తుంది, జనం చప్పట్లు కొడతారు. ఇది ఆపడానికి అమెరికా 1970లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టాన్ని అమలు చేయడానికి ఇన్‌స్పెక్టర్లు నేటికీ ప్రదర్శనల్లో గుర్రాల కాళ్లు తడిమి చూస్తూనే ఉన్నారు. ఇక్కడ మాత్రం మన సామెత నూటికి నూరుపాళ్లు నిజం.

టెనెసీ దూరమే గానీ ముళ్ల కళ్లెం దూరం కాదు. నోట్లో గుచ్చుకునే మొలలున్న ఆ ఇనుప కళ్లేలను మన దేశంలో జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనలే నిషేధించాయి. అయినా పెళ్లి బరాత్‌లకు అద్దెకిచ్చే గుర్రాల నోట్లో అవి ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. ఈ పెళ్లిళ్ల కాలంలో మీ ఇంట పెళ్లికొడుకును గుర్రమెక్కించాలనుకుంటే, బయానా ఇచ్చేముందు కళ్లెం విప్పి చూపించమని అడగండి. మొలలు కనబడినా, చూపించనన్నా, పెళ్లికొడుకును కారులోనే తీసుకురండి.