ఉన్న వరస చెడగొట్టని పనివాడు

మా మేనత్త హైస్కూల్లో లెక్కల టీచరు. పరీక్షల రోజుల్లో జవాబు పత్రాల కట్టలు ఇంటికొచ్చేవి. వాటిని హాల్‌టికెట్ నంబర్ల వరసలో పెట్టడం నా పని. మొదటిసారి నేనేం చేశానంటే, కట్టలన్నీ విప్పి చాప మీద పరిచేసి, ఒక్కో నంబరూ వెతుక్కుంటూ కూర్చున్నాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, రూములో పిల్లలు కూర్చున్నదే నంబర్ల ప్రకారం గదరా! ఉన్న వరస చెడగొట్టి మళ్ళీ పేర్చేదేంటి?"

తర్వాత ఆవిడ చేసి చూపించింది. ఒక్కో రూము కట్ట దాదాపుగా వరసలోనే ఉంటుంది. కొందరు ఇన్విజిలేటర్లు చివరి బెంచీ నుంచి వసూలు చేసుకొస్తారు కాబట్టి ఆ కట్ట తలకిందులుగా ఉంటుంది. దాన్ని తిరగేస్తే సరి. తర్వాత రెండేసి కట్టలు పక్కపక్కన పెట్టుకుని, పైనున్న రెండు కాగితాల్లో చిన్న నంబరు ఏదో చూసి తీసుకుంటూ పోవడమే. గంట పని పది నిమిషాల్లో తేలిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత పైథాన్ భాష లోపలి సరుకు చదువుతుంటే అత్తయ్య గుర్తొచ్చింది. పైథాన్‌లో ఒక జాబితాను వరసలో పెట్టాలంటే 'సార్ట్' అని ఒక్క మాట రాస్తే చాలు. హైదరాబాదు మాదాపూర్‌లోనైనా, అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళల్లోనైనా ఆ మాట రాయకుండా రోజు గడపని ప్రోగ్రామర్లు తక్కువ. దాని వెనక ఉన్న పనితనాన్ని తీరిగ్గా చూసినవాళ్ళు ఇంకా తక్కువ. ఆ పద్ధతి పేరు టిమ్‌సార్ట్. రాసినవాడు టిమ్ పీటర్స్, 2002లో. తన పేరే పెట్టుకున్నాడు. ఆ హక్కు సంపాదించుకున్నానని సరదాగా చెప్పుకున్నాడు కూడా. 2003 జులైలో పైథాన్ 2.3తో పాటు అది జనంలోకి వచ్చింది.

కంప్యూటరు శాస్త్రం పాఠాల్లో వరస పెట్టడం గురించి చెప్పేటప్పుడు సరుకంతా కలగాపులగంగా ఉందని అనుకుని మొదలుపెడతారు. అలా ఉన్నప్పుడు గణితమే ఒక హద్దు గీసింది. పది లక్షల అంశాలుంటే పోలికల మీద నడిచే ఏ పద్ధతికైనా సగటున దాదాపు 1 కోటి 85 లక్షల పోలికలు తప్పవు. పైథాన్‌లో పోలిక ఖరీదైన పని. రెండు వస్తువులు ఎదురుపడితే అవి అంకెలా, అక్షరాలా, మరొకటా అని ముందు తేల్చుకుని ఆ తర్వాతే ఏది చిన్నదో చూడాలి. కాబట్టి పోలికలు తగ్గించినవాడే మొనగాడు. కానీ హద్దు దాటేదెలా?

పీటర్స్ జవాబు మా అత్తయ్య జవాబే. లోకంలో సరుకు నిజంగా కలగాపులగంగా ఉండేది అరుదు. నిన్నటి వరసకు చివర ఇవాళ నాలుగు కొత్త పేర్లు చేరతాయి. రెండు వరస జాబితాలను ఒకదాని కింద ఒకటి అతికిస్తారు. పెద్దది ముందున్న జాబితాను చిన్నది ముందు వచ్చేలా అడుగుతారు. టిమ్‌సార్ట్ మొదటి నుంచి నడుచుకుంటూ వెళ్ళి, ఇప్పటికే ఎక్కుతూ పోతున్న ముక్కలనూ దిగుతూ పోతున్న ముక్కలనూ గుర్తుపడుతుంది. ఇలాంటి ముక్కను రన్ అంటారు. మనం కట్ట అనుకుందాం. దిగుతున్న కట్టను ఉన్నచోటే తిరగేస్తుంది. సరుకు అప్పటికే వరసలో ఉంటే పది లక్షల అంశాలకు సరిగ్గా 9,99,999 పోలికలతో పని ముగిసిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం చూడాలి. ఎక్కే కట్టలో పక్కపక్కన సమానమైనవి ఉన్నా ఫరవాలేదు. పీటర్స్ మొదట పెట్టిన నియమం ప్రకారం దిగే కట్టలో మాత్రం సమానమైనవి ఉండటానికి వీల్లేదు, ఖచ్చితంగా దిగుతూనే పోవాలి. ఎందుకంటారా? నంబర్ల వరసలో ఉన్న పిల్లల జాబితాను మార్కుల ప్రకారం పేర్చామనుకోండి. 78 మార్కులు వచ్చిన ఇద్దరి మధ్య పాత నంబర్ల వరస అలాగే మిగలాలి. సమానులను తారుమారు చెయ్యననే ఆ హామీని స్థిరత్వం అంటారు. సమానమైనవి ఉన్న కట్టను తిరగేస్తే వెనకవాడు ముందుకొస్తాడు, హామీ పోతుంది. 'చిన్నది లేదా సమానం' అనాల్సిన చోటేదో, 'చిన్నది' అని ఊరుకోవాల్సిన చోటేదో తెలియడంలో ఉంది ఆ జాగ్రత్త. పనివాడి చెయ్యి ఇలాంటి చోటే తెలుస్తుంది.

సహజంగా దొరికిన కట్ట మరీ చిన్నదైతే? పేకముక్కలు ఒక్కోటీ అందుకుని చేతిలో సరైన చోట దోపుకున్నట్టు, పక్కనున్న అంశాలను చేర్చి దాన్ని కొంత మేరకు పెంచుతుంది. ఎంత మేరకు అన్నదగ్గర పీటర్స్ ఒళ్ళు వంచి పనిచేశాడు. కట్ట పరిమాణం 8 పెడితే కలపడాలు ఎక్కువై దెబ్బ. 256 పెడితే ముక్కలు జరపడానికే సమయం పోయి దెబ్బ. 16 నుంచి 128 దాకా ఏదైనా ఇంచుమించు ఒకటే. ఇంకొకరైతే 32 అని రాసేసి భోజనానికి వెళ్ళేవారు. ఆయన 2112 అంశాల జాబితా పెట్టి చూశాడు. 32 చొప్పున కడితే 66 కట్టలు. రెండేసి కలుపుకుంటూ పోతే 64 కట్టలు ఒక్కటై 2048 అంశాల కొండ తయారవుతుంది, మిగిలిన రెండు కట్టలు 64 అంశాల గుట్టగా మిగులుతాయి. చివరికి కొండనూ గుట్టనూ కలపాలి. అది దండగ పని. అదే 33 చొప్పున కడితే సరిగ్గా 64 కట్టలు. చివరిదాకా సమానమైన జంటలే.

మరి 33 అని యంత్రానికి ఎలా తెలుస్తుంది? జాబితా పొడవును ద్విసంఖ్యల్లో, అంటే సున్నాలూ ఒకట్లతో రాసి, మొదటి ఆరు అంకెలు తీసుకోవాలి. వదిలేసినవాటిలో ఎక్కడైనా 1 ఉంటే ఒకటి కలపాలి. అంతే. 2112కు వచ్చేది 33. సి భాషలో పట్టుమని పది పంక్తులు కూడా లేని చిన్న పనిముట్టు. నాకైతే మొత్తంలో ఇదే అందమైన చోటు. గొప్ప సిద్ధాంతమేమీ లేదు, 2112 దగ్గర కాలికి తగిలిన రాయిని తీసి పక్కన పెట్టడమే.

ఇక కట్టలు కలపడం. రూము ఒకటిలో నంబర్లు 1 నుంచి 24, రూము రెండులో 25 నుంచి 48 అయితే కలిపేందుకు పనేముంది? పక్కన పెడితే చాలు. టిమ్‌సార్ట్ ముందుగా ఆ సంగతే చూస్తుంది: రెండో కట్ట మొదటి కాగితం మొదటి కట్టలో ఎక్కడ దూరుతుంది, మొదటి కట్ట చివరి కాగితం రెండోదాంట్లో ఎక్కడ దూరుతుంది. ఆ అవతలివన్నీ ఉన్నచోటే ఉన్నట్టు లెక్క. మిగిలిన నడిమి భాగంలో చిన్నదాన్ని మాత్రమే పక్కకు నకలు తీసుకుంటుంది కాబట్టి అదనంగా కావలసిన చోటు ఎప్పుడూ సగానికి మించదు.

కలిపేటప్పుడు ఒక కట్టే వరసగా ఏడుసార్లు గెలిస్తే టిమ్‌సార్ట్‌కు అనుమానం వస్తుంది. ఒక్కో కాగితం చూడటం మాని గుర్రం దౌడు మొదలుపెడుతుంది: ఒకటి, మూడు, ఏడు, పదిహేను... ఇలా ఎడం రెట్టింపు చేసుకుంటూ దూకి, దాటిపోయానని తెలియగానే ఆ మధ్యలో వెతుకుతుంది. ఈ దౌడు ఆలోచన 1993లో వచ్చిన పీటర్ మెకిల్‌రాయ్ పరిశోధన పత్రంలోనూ ఉందని పీటర్స్ చెప్పాడు. దౌడు లాభిస్తుంటే ఏడు అన్న ఆ గడప తగ్గుతుంది. నష్టం వస్తుంటే పెరుగుతుంది. అంటే సరుకు స్వభావాన్ని పని మధ్యలోనే నేర్చుకుంటుందన్నమాట.

చిన్న పిట్టకథ. ఒక గ్రంథాలయం పుస్తకాల జాబితాను పైథాన్‌తో వరస పెట్టి ఇచ్చాను. అక్కడి పెద్దాయన చూసి, "బాబూ, 'కవి' కన్నా 'కళ' ముందొచ్చిందేమిటి?" అన్నారు. మన వర్ణమాలలో ళ, హ తర్వాత వస్తుంది కదా. యూనికోడ్ పట్టికలో మాత్రం దేవనాగరితో పొత్తు కుదిరేలా ల పక్కనే ళ కూర్చుంది, వ ఆ తర్వాత. టిమ్‌సార్ట్ తప్పేమీ లేదు. ఏది ముందో మనం చెప్పాలి, పేర్చడమే దాని పని. మన వర్ణమాల వరసను నేను విడిగా రాసి ఇచ్చాక 'కవి' ముందుకొచ్చాడు.

ఇంత మెచ్చుకున్నాక లోపం సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. కట్టలు దొరికిన కొద్దీ వాటి పొడవులను ఒకదాని మీద ఒకటి పేర్చి రాసుకోవాలి. ఏ రెండింటిని ఎప్పుడు కలపాలో తేల్చడానికి పీటర్స్ ఒక నియమం పెట్టాడు. పైనున్న మూడింటిలో అడుగుది మిగతా రెండింటి మొత్తం కన్నా పెద్దదిగా ఉండాలి, మధ్యది పైదానికన్నా పెద్దదిగా ఉండాలి. నియమం తప్పితే కలిపెయ్యాలి. అలా అయితే అడుగుకు వెళ్ళేకొద్దీ పొడవులు చకచకా పెరుగుతాయి కాబట్టి ఎంత పెద్ద జాబితాకైనా కొద్ది గళ్ళ చిట్టా సరిపోతుంది. ఈ వాదన పుష్కరకాలం ఎవరికీ అనుమానం రాకుండా నిలబడింది. ఈలోగా జావా 7 దాన్ని తీసుకుంది, ఆండ్రాయిడ్‌లోకీ వెళ్ళింది.

2015 ఫిబ్రవరిలో స్టైన్ డి ఖౌ, ఆయన సహచరులు ఈ పద్ధతి సరైనదేనని గణితంతో నిరూపించబోయారు. కీ అనే నిరూపణ సాధనం చేతబట్టుకుని కూర్చుంటే నిరూపణ ఎంతకీ కుదరలేదు. కుదరకపోవడానికి కారణం వెతికితే తప్పు బయటపడింది. పైమూడింటిని సరిచేసే తొందరలో ఒక మెట్టు కింద నియమం చెడిపోతోంది, దాన్ని ఎవరూ చూడటం లేదు. జావాలో 6,71,08,864 అంశాల జాబితాను పనిగట్టుకుని తయారుచేస్తే చిట్టా గళ్ళు చాలక ప్రోగ్రాము కూలిపోయింది. పైథాన్‌లో గళ్ళు ఎక్కువ కాబట్టి కూలాలంటే ఏ యంత్రంలోనూ పట్టనంత జాబితా కావాలి. తమాషా ఏమిటంటే, ఈ పరిశోధకుల్లో కొందరిది ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. సంస్థ. 1989 క్రిస్మస్ సెలవుల్లో గీడో వాన్ రోసమ్ పైథాన్‌ను మొదలుపెట్టినప్పుడు పనిచేస్తున్నది ఆ సంస్థలోనే.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. తమ దగ్గర ఆ తప్పు ఎప్పటికీ బయటపడదని తెలిసి కూడా పైథాన్ వాళ్ళు ఇంకో మెట్టు కిందికి చూడమని షరతు చేర్చి నియమాన్నే సరిదిద్దారు. జావా వాళ్ళు అప్పటికి చిట్టా గళ్ళు 40 నుంచి 49కి పెంచి ఊరుకున్నారు. 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఆ 49 కూడా చాలదని చూపించాక గాని అక్కడ పని పూర్తి కాలేదు. కారే కప్పు కింద బిందె పెట్టడానికీ పెంకు మార్చడానికీ ఉన్న తేడా ఇది.

అదే 2018లో ఇయన్ మన్రో, సెబాస్టియన్ వైల్డ్ కలపడానికి ఇంకా మంచి నియమం కనిపెట్టారు. పేరు పవర్‌సార్ట్. మొత్తం జాబితాను ఒక కొలబద్ద అనుకోండి. పక్కపక్కనున్న రెండు కట్టల నడిబిందువుల మధ్య సగం గీత పడుతుందా, పావు గీతా, అరపావు గీతా అని చూస్తారు. ఎంత సన్న గీత పడితే ఆ జంటను అంత ముందుగా కలుపుతారు. అలా చేస్తే కొండనూ గుట్టనూ కలపాల్సిన అవస్థలు బాగా తగ్గుతాయి. చేసిన పని అత్యుత్తమానికి చాలా దగ్గరగా ఉంటుందని నిరూపణ కూడా ఉంది. 2022 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.11లో పాత నియమం స్థానంలో ఇది చేరింది. కట్టలు గుర్తించడం, తిరగెయ్యడం, దౌడు తియ్యడం యథాతథం. ఇల్లు కూలగొట్టకుండా ఒక దూలం మార్చారు.

బయటివాళ్ళు ఇలా తప్పు పట్టగలిగారంటే, దూలం మార్చగలిగారంటే కారణం మూలం అందరికీ తెరిచి ఉండటం ఒక్కటే అనుకోను. తెరిచి ఉన్నా అర్థంకాని మూలాలు కోకొల్లలు. పీటర్స్ తన పద్ధతితో పాటు ఒక పెద్ద వివరణ రాసి పెట్టాడు. ఏ అంకె ఎందుకు ఎంచుకున్నాడో, ఏది ప్రయత్నించి వదిలేశాడో, ఎక్కడ ఎవరి ఆలోచన వాడుకున్నాడో, చిట్టాకు కొద్ది గళ్ళు ఎందుకు చాలనుకున్నాడో అన్నీ అందులో ఉన్నాయి. 2015లో దొరికిన తప్పును పోల్చి చూసుకోవడానికి పనికొచ్చింది ఆయన తన చేత్తో రాసిపెట్టిన నియమమే. నియమం చెప్పకుండా పని మాత్రమే వదిలి వెళ్ళి ఉంటే, చెయ్యాలనుకున్నదేదో తెలియక, చేసింది తప్పో ఒప్పో తేల్చడం ఎంతో కష్టమయ్యేది. పవర్‌సార్ట్ వచ్చాక దాని సంగతులూ అదే వివరణలో చేరాయి.

ఆ వివరణ పైథాన్ మూలంలో 'ఆబ్జెక్ట్స్' అనే ఫోల్డరులో 'లిస్ట్‌సార్ట్' పేరుతో మామూలు పాఠ్య ఫైలుగా ఉంది. ఇంగ్లీషు సాఫీగా ఉంటుంది, మధ్యలో చతుర్లు కూడా ఉంటాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక ఆదివారం వాళ్ళ చేత చదివించండి. పక్కన ఓ పేక కట్ట పెట్టండి, అవసరపడుతుంది.