నలభై మైళ్ల లెక్క

మొగుడి చేతిలో దెబ్బలు తిన్న మనిషి సాయం దొరికే చోటికి చేరాలంటే ఎంత దూరం పోవాలి? వినడానికి పరిశోధకులు వేసే ప్రశ్నలా లేదు, ఆటో మాట్లాడుకునేటప్పుడు అడిగేదిలా ఉంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కొరిన్ పీక్-ఆసా బృందం సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుంది. 2011లో ‘జర్నల్ ఆఫ్ విమెన్స్ హెల్త్’లో వచ్చిన ఆ పత్రం పెద్దదేమీ కాదు. పల్లెల్లో నేరబాధితులకు అందే సాయం మీద పరిశోధనకు డబ్బిస్తే ఏం వస్తుందని అడిగేవాళ్లకు నేను ముందు చేతిలో పెట్టేది మాత్రం అదే.

అయోవా అంటే మొక్కజొన్న చేలు, పందుల ఫారాలు, 99 కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లాకు చిన్న చెల్లెలనుకోండి. అక్కడ కుటుంబ నియంత్రణ క్లినిక్కుకు వచ్చిన 1478 మంది స్త్రీలను భర్త లేదా సహచరుడు పెట్టే హింస గురించి అడిగారు. కొట్టడమా, లైంగిక హింసా, మాటలతో బెదిరింపులతో కుంగదీయడమా, ఎన్నిసార్లు, ఎంత తీవ్రంగా. ఇంతవరకు ఎవరైనా చేసే పనే. ఆ తర్వాత చేసింది చూడండి. ఒక్కొక్క స్త్రీకీ అతి దగ్గరలో ఉన్న సహాయ కేంద్రం ఎంత దూరమో విడివిడిగా కొలిచారు. ఆపైన ఆ కేంద్రాల జాబితా వేసి, ఏది ఏ సేవలు అందిస్తోంది, ఎన్ని కౌంటీలు చూసుకుంటోంది, తలదాచుకోవడానికి అక్కడే చోటుందా అని ఆరా తీశారు. కిరాణా కొట్టు పద్ధతి ఇది: గిరాకీ ఎంత, సరుకు ఎంత, రెండూ ఒకే పుస్తకంలో. మామూలుగా ఈ రెండూ వేర్వేరు నివేదికల్లో ఉంటాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

నాకు ఇంకా నచ్చింది ‘పల్లె’ అనే మాటతో వాళ్లు పడ్డ పాట్లు. ఊరి జనాభాతో పాటు అక్కడివాళ్లు రోజూ పనికి ఎటు పోయి వస్తారో కూడా చూసి ఇచ్చే కోడ్లు అమెరికాలో ఉన్నాయి. వాటిని బట్టి నగరం, పెద్ద గ్రామీణ ప్రాంతం, చిన్న గ్రామీణ ప్రాంతం, విసిరేసినట్టుండే ఊళ్లు అని నాలుగు భాగాలు చేశారు. ఘట్‌కేసర్ పక్కన పల్లె, మారేడుమిల్లి అడవిలో పల్లె ఒకటి కావని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్కలు రాసేటప్పుడు మాత్రం రెంటినీ ఒకే గంపలో వేసేస్తాం. ఇక్కడ వేయలేదు కాబట్టే తేడా బయటపడింది. హింస ఎదుర్కొన్నామన్నవాళ్లు నగరాల్లో 15.5 శాతం, చిన్న గ్రామీణ ప్రాంతాల్లో 22.5 శాతం, విసిరేసినట్టుండే ఊళ్లలో 17.9 శాతం. ఊరు మారుమూలకు పోయేకొద్దీ అంకె మెట్లెక్కినట్టు పెరగలేదు, గమనించారా? కథ నున్నగా రావాలనుకునేవాడైతే చివరి రెంటినీ కలిపేసి ఊరుకునేవాడు. వీళ్లు ఉన్నదున్నట్టు అచ్చేశారు.

దూరం సంగతికొస్తే, దగ్గరి కేంద్రానికి సగటు దూరం నగర స్త్రీలతో పోలిస్తే గ్రామీణ స్త్రీలకు మూడింతలు. చిన్న గ్రామీణ ప్రాంతాల్లో, విసిరేసినట్టుండే ఊళ్లలో నూటికి పాతికమంది పైగా స్త్రీలు 40 మైళ్ల కంటే దూరంలో ఉన్నారు. నగరాల్లో అంత దూరాన ఉన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. 40 మైళ్లంటే 64 కిలోమీటర్లు, విజయవాడ నుంచి ఏలూరు పోయినంత పని. అంతా చేసి చేరుకుంటే, ఆ పల్లె కేంద్రం నెత్తిన ఎక్కువ కౌంటీల బరువు, అక్కడే ఉండడానికి చోటున్నవి తక్కువ.

ఈ పనిలో ఒక లోటుంది. అడిగింది క్లినిక్కు దాకా రాగలిగినవాళ్లను. కారు తాళాలు మొగుడి జేబులో ఉన్నావిడ ఈ 1478లో లేదు. కాబట్టి అసలు దూరం ఇంకాస్త ఎక్కువే ఉంటుందని నా అనుమానం.

ఆ లేనావిడను వెతుక్కుంటూ వెళ్లిన పని ఇంకోటుంది. ఒహాయో రాష్ట్రం ఆగ్నేయ మూల, కొండల నడుమ ఏథెన్స్ కౌంటీ చుట్టుపక్కల వాల్టర్ డెకెసెరెడీ, మార్టిన్ ష్వార్ట్జ్ 2000ల మొదట్లో చేసిన అధ్యయనం అది. డబ్బిచ్చింది అమెరికా న్యాయశాఖలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్. 2009లో ‘డేంజరస్ ఎగ్జిట్స్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. మాట్లాడింది 43 మంది స్త్రీలతోనే. అంతేనా అనకండి. ఎవరి బండి ఎవరి గుమ్మం ముందు ఆగిందో ఊరంతటికీ తెలిసే చోట, విడిపోబోయి లైంగిక దాడికి గురైన 43 మంది నోరు విప్పడం మాటలు కాదు. ఉచితంగా పంచే స్థానిక పత్రికలో ప్రకటన వేశారు, పోస్టర్లు అంటించారు, ఆశ్రయ కేంద్రాల్లో పనిచేసేవాళ్ల ద్వారా కబురు పెట్టారు. అంతకంటే ముందు ఆ కేంద్రాలవాళ్లతో, పోలీసులతో కూర్చుని, ఎలా అడిగితే ఆ మనిషికి ఇంకో గాయం కాకుండా ఉంటుందో అడిగి తెలుసుకున్నారు.

అసలు పనితనం వాళ్లు రాసుకున్న నిర్వచనంలో ఉంది. విడిపోవడమంటే కోర్టు కాగితమో, సంచీ సర్దుకుని గడప దాటడమో కాదన్నారు. అదే కప్పు కింద ఉంటూ మనసు విరిగిపోవడం కూడా విడిపోవడమే. తెలుగులో ఈ మాట మనకు ఎప్పటినుంచో ఉంది. దాన్ని ప్రశ్నపత్రంలోకి తెచ్చినవాళ్లే అరుదు. అలా తెచ్చారు కాబట్టే ప్రమాదాన్ని మూడు ఘట్టాలుగా చూడగలిగారు. వెళ్లిపోతానని నోరు తెరిచినప్పుడు దాడి జరిగిందన్నవాళ్లు 74 శాతం, వెళ్తున్నప్పుడు 49 శాతం, వెళ్లిపోయాక 33 శాతం. 43 మంది చెప్పిన అంకెలను దేశమంతటికీ అంటగట్టకూడదు నిజమే. అయినా సాయం చేసేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి సూటిగా కనిపిస్తుంది: గడప దాటి వచ్చినవాళ్ల కోసమే తలుపు తెరుచుకుని కూర్చుంటే, పెద్ద ప్రమాదం అప్పటికే గడిచిపోయి ఉండొచ్చు. ఊళ్లో పోలీసు మొగుడికి పాత స్నేహితుడైతే ఏమవుతుందో కూడా ఆ పుస్తకంలో ఉంది. చదువుతుంటే ఒహాయో అని మర్చిపోతాం.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. అమెరికాలో బాధితుల సేవలకు పెద్ద ఆధారం 1984 చట్టంతో పుట్టిన నేరబాధితుల నిధి. అది పన్నుల సొమ్ము కాదు, ఫెడరల్ కేసుల్లో దోషులు కట్టే జరిమానాలు. తీవ్ర నేరమైతే మనిషికి ఒక్కో అభియోగం మీద 100 డాలర్లు, కంపెనీకి 400 డాలర్లు అదనంగా వసూలు చేసి అందులో వేస్తారు. ఉపాయం బాగుంది. ఎటొచ్చీ కంపెనీలు శిక్ష పడకముందే ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కట్టే సొమ్ము అందులోకి వచ్చేది కాదు. నిధి తరిగిపోతుంటే 2021లో చట్టం సవరించి దాన్నీ ఇటు మళ్లించారు. సేవలకు ఇంత తంటా పడేటప్పుడు పరిశోధనకు తీసిపెట్టడం దండగనిపించడం సహజం. కానీ కేంద్రం ఎక్కడ పెట్టాలో తెలియకుండా పెట్టిన కేంద్రానికి అయ్యేదీ ఖర్చే కదా.

మన దగ్గర 2015 నుంచి నిర్భయ నిధితో సఖి కేంద్రాలు నడుస్తున్నాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొన్ని రోజుల బస, అన్నీ ఒకే కప్పు కింద. జిల్లాకు ఒకటి చొప్పున అనుకున్నారు. ఆ ‘జిల్లాకు ఒకటి’ దగ్గరే నాకు అయోవా గుర్తొస్తుంది. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ప్రకటించగానే రంపచోడవరం వైపు వాళ్లు మొట్టమొదట అన్న మాట, జిల్లా కేంద్రం మాకు మరీ దూరమని. కలెక్టరుకు అర్జీ పెట్టుకునేవాడికే అంత దూరమనిపిస్తే, చంకలో బిడ్డతో, చిట్లిన పెదవితో బయల్దేరినావిడ సంగతేమిటి? పీక్-ఆసా బృందం చేసినట్టు ఆ ఘాట్ రోడ్ల మీద ఊరూరి నుంచీ దూరం కొలిచే పని ఎవరైనా తలకెత్తుకుంటే, కిలోమీటర్ల పక్కన ఇంకో రెండు గడులు కూడా గీయమని అడుగుతాను: ఆ ఊరి నుంచి చివరి బస్సు ఎన్నింటికి, అందులో ఆమెను ఎరిగినవాళ్లు ఎంతమంది.